ఎర పిలుస్తుంది, ఎంచదు

విశాఖపట్నం నుండి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్‌కు పోయే రైలుమార్గంలో మహానది వంతెన దాటిన పిమ్మట ఆరంగ్ మహానది అనే చిన్న స్టేషను వస్తుంది. ఉద్యోగాల కోసం, వ్యాపారాల కోసం రాయపూర్ చేరిన తెలుగు కుటుంబాలకు ఈ పేరు కొత్తది కాదు. ఆరంగ్ పురాతనమైన ఊరు. భాండ్ దేవల్ అనే ప్రాచీన జైనాలయం అక్కడ ఉన్నది. పులి పేరు మోసే బాఘ్ దేవల్ అనే గుడి కూడా ఉన్నది. ఊరి పేరుకు మూలంగా అక్కడి ప్రజలు చెప్పుకొనే కథలోనూ ఒక క్రూరమృగం ఉన్నది.

పూర్వం అక్కడ మోరధ్వజుడనే రాజు ఉండేవాడట. అతని దానశీలాన్ని పరీక్షింపదలచి శ్రీకృష్ణుడు బ్రాహ్మణ వేషంలో, వెంట ఒక సింహాన్ని తీసుకొని వచ్చాడు. సింహానికి ఆహారంగా రాజకుమారుని మాంసం కావాలన్నాడు. తల్లిదండ్రులే రంపం పట్టి కోయాలి, కంట నీరు రాకూడదు. రాజు మాట తప్పలేదు. దేవుడు ప్రత్యక్షమై బిడ్డను బ్రతికించాడు. రంపానికి హిందీలో ‘ఆరా’ అని పేరు. ఆ మాటనుండే ఆరంగ్ అనే పేరు పుట్టినదని స్థానికుల నమ్మకం. జైమినీ భారతం చదివిన తెలుగువారికి ఇదే కథ మయూరధ్వజుని కథగా పరిచితం. అందులో సింహం కోరినది రాజు శరీరంలో సగభాగం.

పురాణంలోని సింహం దేవుడు పెట్టిన పరీక్ష. కాని ఒక ప్రాణాన్ని కట్టివేసి, దానితో క్రూరమృగాన్ని పిలవడం అనే పని మధ్య భారతపు అడవులలో కథగానే మిగిలిపోలేదు. తరాల తరబడి అది ఒక విద్యగా సాగినది. చిరుతపులి వేటలో దానికి మించిన ఉపాయం లేదని పాత వేటగాళ్లందరూ ఒప్పుకున్నారు. ఆ విద్య ఎట్లా పనిచేసేదో, దాని బలమెక్కడ ఉన్నదో, లోపమెక్కడ ఉన్నదో తెలుసుకొనడం నేటికీ అవసరమే. వేట నిలిచిపోయినా ఎర కట్టడం మాత్రం నిలిచిపోలేదు.

మంచె, మాటు

జొన్నచేను కాచే తెలుగు రైతుకు మంచె అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. వేటగాళ్లు ‘మచాన్’ అని పిలిచినది ఇటువంటిదే. చెట్టుకొమ్మల నడుమ నాలుగు కర్రలు కట్టి, వాటిపై నులకమంచమో పలకలో పరచి, చుట్టూ అదే చెట్టు ఆకులతో మరుగు చేసేవారు. వేరే చెట్టు ఆకులు తెచ్చి కడితే అవి మర్నాటికే వాడి రంగు మారి మాటును బయటపెట్టేవి. అనువైన చెట్టు దొరకనిచోట నేలమీదనే ముళ్లకంపలతోనో రాళ్లతోనో మాటు కట్టి, తుపాకి గొట్టం పట్టేటంత సందు వదలి లోపల కూర్చునేవారు.

ఎర రెండు విధాలు. చిరుత తానే చంపి సగం తిని వదలిన పశువు మొదటిది. కడుపు నిండిన చిరుత మిగిలిన మాంసం కోసం మరునాడు చీకటి పడే వేళకు తిరిగి వస్తుంది. ఈ అలవాటే దాని ప్రాణం మీదికి తెచ్చేది. రెండవది కట్టిన మేక. దీనికి ఏ మేకైనా పనికిరాదు. ఒంటరినైతినని తెలియగానే గొంతెత్తి అరిచే మేక కావాలి. చెట్టుపై మనిషి ఉన్నాడని పసిగట్టిన మేక నిబ్బరంగా గడ్డి మేస్తూ కూర్చుంటుంది. అది నోరు విప్పకపోతే రాత్రంతా మేలుకొన్న శ్రమ వృథా. అందుచేత వేటగాడు ముందుగా మంచె ఎక్కి కూర్చున్న తరువాతనే మేకను తెచ్చి కట్టేవారు. కట్టినవారు బిగ్గరగా మాట్లాడుకుంటూ ఊరివైపు వెళ్లిపోయేవారు. పొదలలో పొంచి చూస్తున్న చిరుతకు వచ్చినవారందరూ తిరిగిపోయారని నమ్మకం కలగాలి. తనవారు విడిచి పోతున్నారని మేకకూ తెలియాలి. ఒక్క నడకతో రెండు జంతువులనూ మోసగించేవారు.

పెద్దపులి సాధారణంగా తల ఎత్తి చూడదు. చిరుత అట్లా కాదు. అది స్వయంగా చెట్లెక్కే జంతువు కనుక కొమ్మలవైపు చూపు సారించనిదే ముందుకు రాదు. దాని ఘ్రాణశక్తి అంత గొప్పది కాదు గాని, వినికిడి మాత్రం అసాధారణం. గడియారం టిక్కుమనడం, గుటక వేయడం, దోమను తోలడం, బట్ట ఒరుసుకొనడం — వీటిలో ఏ ఒక్కటైనా రాత్రిపంటను పాడుచేసేది. పొగ త్రాగడం, దగ్గడం నిషిద్ధం. సంజ వెలుగు కరిగిపోయి చుక్కలు పొడిచే ఆ పది పదిహేను నిమిషాలే సాధారణంగా అదను. ఆ తరువాత వెన్నెల ఉండాలి, లేదా తుపాకికి బిగించిన టార్చిలైటు ఉండాలి.

ఒక నియమం మాత్రం ఎవరూ మీరరానిదిగా ఉండేది. గురి తప్పి చిరుత గాయపడితే చీకటిలో మంచె దిగరాదు. గాయపడి పొదలో దాగిన చిరుతను మించిన ప్రమాదం అడవిలో లేదు. అయినా తెల్లవారిన తరువాత దానిని వెదకి బాధ ముగించి తీరాలి. గాయపడిన జంతువును ఊరివారి మీదికి వదలి పోయిన వేటగానికి మర్యాద దక్కేది కాదు.

వేట వ్యాపారమైన రోజులు

పశువులను, మనుషులను రక్షించడానికి కొంత, వినోదానికి మరింత, బహుమతి సొమ్ముకు ఇంకొంత — ఈ మూడు కారణాలూ కలిసి చిరుతల సంఖ్యను హరించాయి. బ్రిటిషు ప్రభుత్వం క్రూరమృగాలను చంపినవారికి బహుమానం చెల్లించేది. ఆ లెక్కలను పరిశీలించిన చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ 1875 మొదలు 1925 వరకు గల యాభై సంవత్సరాలలో 80,000కు పైగా పెద్దపులులు, 1,50,000కు పైగా చిరుతలు హతమైనాయని అంచనా కట్టారు. అంటే ఒక పెద్దపులికి ఇంచుమించు రెండు చిరుతలు. వీటిలో మనిషిని ముట్టినవి ఎన్ని ఉంటాయో ఊహించుకొనవచ్చును. అత్యధిక భాగం మేకలను, కుక్కలను, జింకలను తిని బ్రతికినవే.

స్వాతంత్ర్యానంతరం కూడా వేట ఆగలేదు. అనుమతి పత్రం తీసుకొని, కేటాయించిన అడవి భాగంలో వేటాడడం ఆనాటి చట్టానికి లోబడిన పనే. విదేశీయులను రప్పించి యాత్రలు నడిపే సంస్థలు మధ్య భారతంలో వెలసినాయి. తరువాతి కాలంలో కేంద్రమంత్రి పదవులు నిర్వహించిన రాయపూర్ వాస్తవ్యులు విద్యాచరణ్ శుక్లా 1951లో పట్టభద్రులైన పిమ్మట అల్విన్ కూపర్ అనే సంస్థను నెలకొల్పి, మధ్య భారతపు అడవులలో వేటయాత్రలను, ఛాయాచిత్ర యాత్రలను నిర్వహించారు. 1957లో వారు లోక్‌సభకు ఎన్నికైనారు. వేట గౌరవప్రదమైన వృత్తిగా చెల్లిన కాలమది.

కాలం మారినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది. నేడు చిరుత ఆ చట్టపు మొదటి షెడ్యూలులో, అంటే అత్యున్నత రక్షణ పొందే ప్రాణుల సరసన ఉన్నది. ఈ చట్టంలో ‘వేట’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం గమనింపదగినది. చంపడమే వేట కాదు. ఉచ్చు పన్నడం, బోను పెట్టడం, తరమడం, ఎర చూపడం — అన్నీ వేటక్రిందనే లెక్క. తుపాకి పేలకపోయినా సరే, చిరుత కోసం మేకను కట్టిన క్షణంలోనే నేరం జరిగినట్లు. చట్టం వ్రాసినవారు వేటకు ప్రాణం ఎక్కడ ఉన్నదో సరిగా గుర్తించారన్నమాట.

1976లో నాటి రాయపూర్ జిల్లాలో, మహానదికి ఆవలి అడవులలో, బార్నవాపారా అభయారణ్యం ఏర్పడినది. వైశాల్యం సుమారు 245 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు తుపాకి పట్టుకొని వెళ్లిన అటువంటి అడవులకు నేడు యాత్రికులు కెమెరా పట్టుకొని చిరుతను చూడడానికి వెళుతున్నారు. 2022 సంవత్సరపు గణనలో దేశంలో 13,874 చిరుతలు ఉన్నట్లు అంచనా వేశారు. అందులో ఛత్తీస్‌గఢ్ వాటా 722, ఆంధ్రప్రదేశ్ వాటా 569, తెలంగాణ వాటా 297.

రుద్రప్రయాగ నేర్పిన పాఠం

ఎర కట్టి మాటు వేసిన వేటలలో లోకప్రసిద్ధి పొందినది హిమాలయాలలోని రుద్రప్రయాగ చిరుతది. 1918 నుండి 1926 వరకు, కేదారనాథ్, బదరీనాథ్‌లకు పోయే యాత్రామార్గంలో అది 125 మందిని పొట్టన పెట్టుకున్నదని ప్రభుత్వ లెక్క. చీకటి పడితే ఆ దారిలో తలుపు తీసేవారు లేరు. సైనికులు, వేటగాళ్లు, బహుమానం ఆశించినవారు ఎందరో ప్రయత్నించారు. తుపాకులు, బోనులు, ఇనుప ఉచ్చులు, విషం — దేనికీ అది లొంగలేదు.

చివరకు జిమ్ కార్బెట్ గోలాబ్రాయి అనే యాత్రికుల మజిలీ వద్ద ఒక మామిడిచెట్టెక్కి, దారిమీద మెడకు గంట కట్టిన మేకను ఉంచి, రాత్రి తరువాత రాత్రి కాచాడు. 1926 మే 2వ తేదీ రాత్రి, పదకొండవనాడు, గంట గణగణమన్నది. ఒక్క క్షణం టార్చి వెలిగినది, ఒక్క గుండు పేలినది. తెల్లవారి చూస్తే, ముసలి మగ చిరుత. కొన్నేళ్ల క్రితం తగిలిన తుపాకి గాయం గుర్తు దాని వెనుక కాలి పంజాపై ఉన్నది. అదే నరభక్షకి అని నమ్మడానికి ఆధారాలలో ఆ గుర్తు ముఖ్యమైనది.

ఈ కథలో జనం మరచిపోయిన భాగం మరొకటి ఉన్నది. అంతకు పూర్వం అదే ప్రాంతంలో ఇనుప ఉచ్చులో ఒక చిరుత పట్టుబడినది. దానిని కాల్చి చంపినప్పుడు పీడ విరగడైనదని జనం సంబరపడ్డారు. కార్బెట్‌కు మాత్రం అనుమానం తీరలేదు. మరణాలు ఆగకపోవడంతో ఆ అనుమానమే నిజమైనది. చనిపోయినది వేరొక చిరుత. ఆకలి దానిని ఉచ్చు వద్దకు తెచ్చినది. అది చేసిన నేరం అంతవరకే.

ఎర విద్యలోని అసలు లోపం ఇక్కడ ఉన్నది. మేక అరుపు విన్న ప్రతి చిరుతా వస్తుంది. మనిషిని చంపినదీ వస్తుంది, జన్మలో మనిషి దరికి రానిదీ వస్తుంది. ఎర పిలుస్తుందే కాని ఎంచదు. ఎంచవలసినవాడు మంచెపై కూర్చున్న మనిషి. ఆ మనిషికి ఉన్నదల్లా గుడ్డి వెలుగు, కొద్ది క్షణాలు, ఊరివారి తొందర.

ఆఫ్రికాలో టాంజానియా, జింబాబ్వే, నమీబియా వంటి దేశాలలో నేటికీ చిరుత వేట చట్టబద్ధమే. అక్కడ మేకను కట్టరు. చంపిన జింకను చెట్టుకొమ్మకు, సింహాలకు, దుమ్ములగొండ్లకు అందని ఎత్తున వ్రేలాడదీస్తారు. పడమటి ఆకాశం వెలుగులో చిరుత ఆకారం స్పష్టంగా కానవచ్చేటట్లు కొమ్మను ఎంచుకొంటారు. గాలివాలుకు ఎదురుగా గడ్డితో మాటు కట్టుకొంటారు. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం క్రింద ఏటా ఎన్ని చర్మాలు ఎగుమతి చేయవచ్చునో దేశానికొక పరిమితి ఉన్నది. టాంజానియాలో ఆడ చిరుతను కొట్టరాదు. ఈ నిబంధనలను పాటించడానికి వేటగాళ్లు ఎర వద్ద తమంతట తామే ఫోటో తీసే కెమెరాలను ముందుగా అమర్చి, వచ్చేది ఆడదో మగదో, లేతదో ముదురుదో చూసుకొంటారు. అంటే ఎర ఎంచదనే సంగతి అక్కడి వేటగాళ్లూ ఒప్పుకున్నట్లే. అంత జాగ్రత్త తీసుకున్నా ఒక చిక్కు మిగులుతుంది. తావుకు యజమానియైన మగ చిరుత చనిపోతే, దాని స్థానానికి వచ్చే కొత్త మగది పాతదాని కూనలను చంపుతుంది. ఒక తూటాకు పడేది ఒక్క ప్రాణమే కాకపోవచ్చును.

అలిపిరి మెట్లమీద

తెలుగువారికి ఈ విషయం గ్రంథాలలో చదివినదిగా మిగలలేదు. 2023 జూన్‌లో తిరుమలకు పోయే అలిపిరి నడకదారిలో ఒక పసివాడిని చిరుత నోట కరచుకొని పోయినది. జనం కేకలు వేసి వెంటబడగా వదిలివేసినది. బాలుడు బ్రతికాడు. ఆగస్టు 11వ తేదీ రాత్రి అదే దారిలో తల్లిదండ్రులతో కొండ ఎక్కుతున్న ఆరేళ్ల బాలికకు ఆ భాగ్యం దక్కలేదు. ఒక్కసారిగా శతాబ్దం నాటి కేదారనాథ్ దారి తెలుగునాట కళ్లకు కట్టినట్లయినది.

దేవస్థానం, అటవీశాఖ కలిసి చర్యలు తీసుకున్నాయి. చిన్నపిల్లలతో నడిచేవారిని మధ్యాహ్నం తరువాత నిలిపివేశారు. గుంపులుగా నడవమన్నారు. భక్తుల చేతికి కర్రలిచ్చారు. కెమెరాలు అమర్చారు. బోనులు పెట్టారు. ఒకదాని తరువాత ఒకటిగా కొన్ని వారాలలోనే పలు చిరుతలు బోనులలో పడినాయి. ఆ సమయంలో బోను పెట్టడం తప్పని ఎవరూ అనలేరు. బిడ్డను పోగొట్టుకొన్న ఇంటి ముందు నిలిచి చిరుత హక్కులను గూర్చి ఉపన్యసించడం మానవత్వం కాదు.

అయితే బోను కూడా మంచె వంటిదే. కడ్డీల వెనుక ఎరగా ఒక జంతువు ఉంటుంది, ముందు తెరచిన తలుపు ఉంటుంది. ఆకలిగొన్న ఏ చిరుతకైనా ఆ ఆహ్వానం ఒకటే. పట్టుబడినది దోషియా కాదా అనే ప్రశ్న బోను తలుపు మూతపడిన తరువాతనే మొదలవుతుంది. ఈనాడు దానికి జవాబు చెప్పే సాధనాలు ఉన్నాయి. చిరుత ఒంటిమీది మచ్చల అమరిక మనిషి వేలిముద్రల వలె దేనికదే. కెమెరా చిత్రాలతో పోల్చి గుర్తించవచ్చును. గాయంలో మిగిలిన లాలాజలం ఆధారంగా డిఎన్‌ఏ పరీక్ష చేయవచ్చును. కార్బెట్‌కు దక్కని వెలుగు నేటి అధికారులకు ఉన్నది.

చట్టం చెప్పేదీ ఇదే. మనుషుల ప్రాణానికి ప్రమాదకరమైనదని రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి నిర్ధారించి, పట్టుకొనడం, మత్తు ఇవ్వడం, తరలించడం సాధ్యం కాదని తృప్తి చెందినప్పుడే మొదటి షెడ్యూలు జంతువును చంపడానికి వ్రాతపూర్వకంగా అనుమతించవచ్చును. చంపరాదని కాదు, ఎంచకుండా చంపరాదని దాని భావం.

పట్టి వేరొకచోట వదలితే సరిపోదా అని తోచవచ్చును. మహారాష్ట్రలో పుణె జిల్లా జున్నర్ ప్రాంతంలో ఈ ప్రయోగం జరిగినది. 2001 నుండి చెరకుతోటలలోని చిరుతలను పెద్ద సంఖ్యలో పట్టి అడవులలో వదిలారు. ఫలితాన్ని పరిశోధించిన విద్యా ఆత్రేయ, ఆమె సహచరులు 2011లో ప్రకటించిన విషయం ఆశ్చర్యకరం. తరలింపుకు పూర్వం ఏడాదికి సగటున 4గా ఉన్న దాడులు, తరలింపు మొదలైన తరువాత 17కు పెరిగినాయి. తెలియని చోట, బెదరి, గాయపడి, తావు కోసం తిరిగే చిరుత మరింత ప్రమాదకరమైనది. ఖాళీ అయిన పాత తావులోకి కొత్త చిరుత రానే వస్తుంది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం వెలువరించిన మార్గదర్శకాలు కూడా చిరుత కనిపించినంత మాత్రాన బోను పెట్టవద్దని సూచించాయి.

తెలియక కట్టే ఎర

ఇక మిగిలినది ఎవరూ వేటగా భావించని ఎర. నడకదారి ప్రక్కన విసిరిన తినుబండారాల కోసం కుక్కలు, పందులు, జింకలు చేరుతాయి. వాటికోసం చిరుత వస్తుంది. ఊరి చివర మాంసం దుకాణాల వ్యర్థాలు, పెళ్లివిందుల ఎంగిలాకులు, తలుపులేని మేకలదొడ్డి — ఇవన్నీ ప్రతి రాత్రీ కట్టే ఎరలే. మధ్య భారతపు వేటగాడు చిరుతను రప్పించడానికి ఎంతో శ్రమపడి ఒక్క మేకను తెచ్చి కట్టేవాడు. నేటి ఊళ్లు ఏ శ్రమా లేకుండా దానిని రాత్రంతా పిలుస్తూనే ఉన్నాయి. వేటగాడు ఎర కట్టిన చోట మేలుకొని కూర్చునేవాడు. మనం ఎర కట్టిన చోటనే పిల్లలను ఆడుకొనడానికి వదలి లోపలికి పోతున్నాము. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు, కేవలం అజాగ్రత్త. కాని చీకటిలో పొంచిన జంతువుకు ఈ రెంటికీ తేడా తెలియదు.

పాత వేటగాళ్ల నుండి నేర్వవలసినది తుపాకి విద్య కాదు. చిరుత ఎందుకు వస్తుంది, ఏ వేళకు వస్తుంది, ఏ దారిన వస్తుంది అని వారు నిశితంగా గమనించారు. చంపడానికి ఉపయోగపడిన ఆ తెలివే నేడు కాపాడుకొనడానికీ ఉపయోగపడుతుంది. సంజ నుండి వేకువ వరకు పిల్లలను పెద్దల నడుమ నడిపించడం, పశువుల కొట్టానికి పైకప్పు, గట్టి తలుపు అమర్చడం, ఊరి చుట్టూ పొదలు తొలగించి దీపాలు పెట్టడం, చెత్తను కుప్పగా పోయకుండా ఎప్పటికప్పుడు తరలించడం — వీటికి పెద్ద ధనమూ అక్కరలేదు, లైసెన్సూ అక్కరలేదు.

చిరుతను రావద్దని శాసించే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు. దానిని పిలవకుండా ఉండే అధికారం మాత్రం ప్రతి గ్రామానికీ, ప్రతి ఇంటికీ ఉన్నది.